డ్యాన్స్ కోసం టాంగో పాటలు పోగుచేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తఅడుగు:

అందరికీ నమస్కారం. టాంగో నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. వారానికోసారి పది పన్నెండు మందిమి కలిసి ప్రాక్టీస్ చేసుకుంటాం. ఇన్నాళ్లూ పాటలు చూసుకున్నావిడకి ఇక రావడం కుదరడం లేదు, ఆ పని నాకు అప్పజెప్పారు. ఇష్టంగానే ఒప్పుకున్నాను.

నా దగ్గర "గొప్ప టాంగోలు" అన్న పేరుతో ఒక పెద్ద సంకలనం ఉంది, దాదాపు రెండొందల పాటలు. మొదటి వారం వాటినే షఫుల్‌లో పెట్టేశాను. కార్లోస్ గార్దెల్ పాట రాగానే అందరూ పక్కకొచ్చి నిలబడ్డారు. ఆస్తోర్ పియాసోలా వచ్చినప్పుడు ఒక జంట కాసేపు ప్రయత్నించి మధ్యలో ఆపేసింది. పాటలు బాగున్నాయనే అన్నారు అందరూ, ఆడటానికి మాత్రం కాళ్లు రావట్లేదన్నారు. ఆ మధ్యలో ఎప్పుడో ఒక పాట వచ్చింది, ఎవరిదో నాకు తెలియదు, ఫైల్లో పేరు కూడా సరిగ్గా లేదు, అది మొదలవగానే ఐదు నిమిషాల్లో వెళ్లిపోదామనుకున్న వాళ్లు కూడా మళ్లీ ఫ్లోర్ మీదకి వచ్చేశారు. అప్పటి నుంచి అదే ఆలోచన. ఆ పాటలో ఏముంది, మిగతా వాటిలో ఏం లేదు?

మళ్లీ మొదటి నుంచి ఒక కలెక్షన్ కట్టుకోవాలనుకుంటున్నాను. ఎన్ని పాటలు కావాలి, ఎవరివి, ఏ క్రమంలో పెట్టాలి? మూడు గంటల ప్రాక్టీస్‌కి సరిపోతే చాలు ప్రస్తుతానికి.

---

పాతరికార్డు:

మీ సంకలనంలో చెడ్డ పాటలేం లేవండీ, వినే టాంగో, ఆడే టాంగో రెండూ కలిసిపోయాయి, అంతే. గార్దెల్ గాయకుడు, గిటార్ల తోడుతో పాట చెప్పే మనిషి, మాటకి తగ్గట్టు లయని సాగదీస్తాడు, ఆపుతాడు. అది కూర్చుని వినాల్సిన సంగీతం. ఆయన పాటకి ఆడకూడదని చాలామంది డ్యాన్సర్లు గౌరవంగా పాటిస్తారు కూడా. పియాసోలా కుర్రవాడిగా అనిబల్ త్రోయిలో ఆర్కెస్ట్రాలో బాందొనియోన్ (అకార్డియన్ లాంటి వాద్యం) వాయించాడు, త్రోయిలోకి అరేంజ్‌మెంట్లు రాశాడు, తర్వాత తన దారిలో కచేరీ సంగీతం వైపు వెళ్లిపోయాడు. ఆ సంగీతం నాకు ప్రాణం, కానీ ప్రాక్టీస్‌లో పెట్టను.

డ్యాన్స్ కోసం వాయించిన టాంగో అంటే దాదాపుగా 1935 నుంచి 1955 దాకా బ్యూనస్ ఐరిస్‌లో రికార్డయినదే. దాన్ని స్వర్ణయుగం అంటారు. అప్పట్లో ఆర్కెస్ట్రాకి బతుకుదెరువే డ్యాన్సు హాళ్లు. ఫ్లోర్ ఖాళీ అయితే ఆర్కెస్ట్రాకి పని లేదు, అందుకే వాళ్ల ప్రతి నిర్ణయం వెనకా డ్యాన్సర్ కాళ్లే ఉంటాయి. ఇంకోటి గమనించండి, ఆ ఆర్కెస్ట్రాల్లో మామూలుగా డ్రమ్స్ ఉండవు. బాందొనియోన్లు, వయొలిన్లు, పియానో, డబుల్ బాస్, ఇంతే. తాళం కొట్టే వాద్యం లేకుండానే అందరూ కలిసి తాళం పట్టుకుంటారు. మీకు దొరికిన ఆ పేరులేని పాటలో కాళ్లని లాగింది అదే అయుంటుంది.

కాబట్టి నా సలహా ఒక్కటే. పాటలు పోగుచేయకండి, ఆర్కెస్ట్రాలు పోగుచేయండి. "ఫలానా పాట కావాలి" అని వెతికితే అదే పేరుతో పది రికార్డింగులు దొరుకుతాయి, ఒక్కొక్కటీ ఒక్కో తీరు. ఆర్కెస్ట్రా ఎవరు, పాడింది ఎవరు, ఏ సంవత్సరం, ఈ మూడూ కలిస్తేనే అది ఒక పాట అనుకోండి.

మొదట నలుగురు ఆర్కెస్ట్రా నాయకులు. హువాన్ దారియెన్సో, కార్లోస్ డి సార్లి, అనిబల్ త్రోయిలో, ఒస్వాల్దో పుగ్లియేసే. నాలుగు దిక్కుల్లా ఉంటారు, మిగతా అందరినీ వీళ్లకి ఎంత దగ్గర ఎంత దూరం అని చూసుకుంటూ గుర్తుపట్టొచ్చు.

దారియెన్సోని "తాళానికి రాజు" అనేవారు. 1935లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీకి రికార్డు చేయడం మొదలుపెట్టాడు, ఆ ఏడాది చివర్లో రొడోల్ఫో బియాజి పియానోకి వచ్చాడు, 1938 దాకా ఉన్నాడు. ఆ రెండున్నరేళ్ల వాద్య పాటలతో, అంటే గాయకుడు లేనివాటితో మొదలుపెట్టండి. ఎల్ ఫ్లెతె, దోన్ హువాన్, లా విరూతా 1936వి, ఎల్ ఎస్కినాసో 1938ది. సంగీత వాక్యం అయిపోయిందనుకున్న చోట పియానో మెరుపులా దూరుతుంది చూడండి, అదే బియాజి. కొత్తవాళ్లకి ఈ పాటలు దారి చూపిస్తాయి, తాళం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

డి సార్లి ఇందుకు పూర్తిగా వేరు. వయొలిన్లు సాగుతూ పోతుంటాయి, కింద ఆయన ఎడమ చెయ్యి పియానో మీద గంటలా మోగుతుంటుంది. నడక నేర్చుకోవాలంటే ఈయనే. 1939 నుంచి రొబెర్తో రుఫీనో పాడినవి ఒక రకం, చురుగ్గా ఉంటాయి. 1950లలో వాద్య పాటలు నెమ్మదిగా, విశాలంగా ఉంటాయి. బాహియా బ్లాంకా అని తను పుట్టిన ఊరి పేరు మీద కట్టిన పాట ఒకటుంది, అది మీ దగ్గర ఉండి తీరాలి.

త్రోయిలో అయితే 1941 రికార్డింగులు, ఫ్రాన్సిస్కో ఫియొరెంతీనో పాడినవి. తోదా మి వీదా వినండి. వాద్యం కావాలంటే అదే ఏడాది మిలోంగెయాందో ఎన్ ఎల్ క్వారెంతా.

పుగ్లియేసేని కొనుక్కోండి, వినండి, ప్రాక్టీస్‌లో పెట్టడానికి మాత్రం ఆరు నెలలు ఆగండి. ఆయన ఆగుతాడు, మెల్లగా లేస్తాడు, ఒక్కసారిగా మీద పడతాడు. కొత్త జంటలు ఆ ఆగే చోట ఏం చేయాలో తెలియక టెన్షన్ పడిపోతారు.

---

వాల్స్‌పిచ్చి:

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ వాల్స్, మిలోంగా లేకుండా మూడు గంటలు టాంగోలే పెడితే మనుషులు అలసిపోతారు. వాల్స్ మూడు కాలాల లయ, తిరుగుతూ పోతుంది. మిలోంగా రెండు కాలాలది, వేగం, హుషారు. మిలోంగా అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది, టాంగో ఆడుకునే సాయంత్రాన్ని కూడా మిలోంగానే అంటారు, కొత్తలో దీంతో అయోమయం అవుతుంది.

క్రమం గురించి అడిగారు కదా. పాటల్ని తాండాలుగా పెడతారు. తాండా అంటే ఒకే ఆర్కెస్ట్రావి, ఒకే కాలంవి, ఒకే స్వభావం ఉన్నవి నాలుగు పాటలు, వాల్స్, మిలోంగా అయితే మూడు చాలు. తాండా అయ్యాక కోర్తీనా, అంటే తెర, టాంగో కాని సంగీతం ఒక అరనిమిషం పైన. అది వినగానే జంటలు విడిపోయి పక్కకొస్తారు, మళ్లీ జోడీ కుదుర్చుకుంటారు. ఇది ఆచారం కోసం పెట్టుకున్నది మాత్రమే కాదు. ఒక జంట మొదటి పాటలో ఒకరినొకరు వెతుక్కుంటారు, రెండో పాటకి కుదురుకుంటారు, మూడూ నాలుగుల్లోనే అసలు డ్యాన్స్ జరుగుతుంది. మధ్యలో ఆర్కెస్ట్రా మారిపోతే ఆ కుదురు చెదిరిపోతుంది. మీ షఫుల్‌తో జరిగింది ఇదే.

మామూలుగా రెండు తాండాలు టాంగో, ఒకటి వాల్స్, మళ్లీ రెండు టాంగో, ఒకటి మిలోంగా. లెక్క చూసుకోండి, నాలుగు టాంగో తాండాలకి 16 పాటలు, వాల్స్ 3, మిలోంగా 3, మొత్తం 22. ఒక్కో పాట మూడు నిమిషాల లోపే ఉంటుంది, పాత 78 ఆర్‌పీఎం డిస్కులో ఒక వైపు పట్టేది అంతే. తెరలతో కలిపి ఈ చుట్టు గంట దాటి కొంచెం అవుతుంది. అంటే మూడు గంటలకి 60 పాటలు మహా ఎక్కువ. మీరు రెండొందల దాకా పోగుచేస్తే మూడు వారాల పాటు ఒక్క పాటా మళ్లీ రాకుండా నడిపించొచ్చు.

వాల్స్‌లకి దారియెన్సో 1935లో చేసిన దెస్దె ఎల్ ఆల్మాతో మొదలుపెట్టండి. రోసితా మెలో అనే అమ్మాయి చాలా చిన్న వయసులో కట్టిన వరస అది, వందేళ్లు దాటినా ఫ్లోర్ మీదకి మనుషుల్ని లాగుతూనే ఉంది. తర్వాత అల్ఫ్రెదో దె ఆన్హెలిస్. ఆయన దగ్గర కార్లోస్ దాంతె, హూలియో మార్తెల్ ఇద్దరూ కలిసి పాడిన వాల్స్‌లు ఉన్నాయి, సోన్యార్ ఇ నాదా మాస్ లాంటివి. రెండు గొంతులు కలిసే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. టాంగోలు తగ్గించైనా సరే, వాల్స్ తాండాలు కనీసం ఐదారు కట్టుకోండి, రోజంతా సరిగ్గా సాగని ప్రాక్టీస్‌ని ఒక్క వాల్స్ తాండా నిలబెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను.

మిలోంగాలకి మొదట ఫ్రాన్సిస్కో కనారో. ఆయన 1933లో చేసిన మిలోంగా సెంతిమెంతాల్ కొత్తవాళ్లు ఊపిరి తీసుకుంటూ ఆడగలిగే వేగంలో ఉంటుంది. దారియెన్సో లా పున్యలాదా 1937ది, అద్భుతంగా ఉంటుంది కానీ పరుగెత్తిస్తుంది, తర్వాతకి ఉంచుకోండి.

---

రెండోబాందొనియోన్:

పాతరికార్డు గారు చెప్పిన చాలా విషయాలతో ఏకీభవిస్తాను, పుగ్లియేసే విషయంలో మాత్రం కాదు. ఆయన్ని ఆరు నెలలు అవతల పెట్టమనడం కొత్తవాళ్లకి అన్యాయం. పుగ్లియేసే అనగానే అందరూ ఆ తర్వాతి కాలపు పెద్ద పెద్ద నాటకీయమైన పాటల్నే తలుచుకుంటారు. 1943లో ఓడియాన్ కంపెనీకి రికార్డు చేయడం మొదలుపెట్టాడు, ఆ మొదటి మూడేళ్ల పాటలు అంత కష్టమైనవి కావు. రెకుఎర్దో 1944 రికార్డింగు వినండి. తాళం స్పష్టంగా ఉంటుంది, దాని మీద వరసలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. 1946 నాటి లా యుంబాలో ఆ లయ పేరే పాటకి పెట్టాడు, యుం అని బరువుగా పడటం, బా అని తేలడం. కొత్తవాళ్లు ఈ పాటకి ఆగిపోతే ఆగనివ్వండి. ఆగడం కూడా టాంగోలో భాగమే, తాళానికి మొహం వాచినట్టు ప్రతి దెబ్బకీ అడుగు వేయడం అలవాటైపోయాక దాన్ని మాన్పించడం చాలా కష్టం. సాయంత్రం చివరి గంటలో ఒక్క తాండా, అంతే అడుగుతున్నాను.

ఆ నలుగురి తర్వాత ఎవరు అంటే, నా దృష్టిలో జంటలుగా వెతకాలి. ఆర్కెస్ట్రా, గాయకుడు కలిసి ఒక జంట. రికార్దో తంతూరి దగ్గర 1941 నుంచి 1943 వరకు రికార్డింగుల్లో అల్బెర్తో కాస్తియ్యో పాడాడు, తర్వాత ఎన్రికె కాంపోస్ వచ్చాడు. అదే ఆర్కెస్ట్రా, కానీ కాస్తియ్యోతో గుండెలు విరుచుకుని నడుస్తుంది, కాంపోస్‌తో మెత్తబడుతుంది. ఈ ఇద్దరినీ ఒకే తాండాలో కలపకండి. ఆన్హెల్ దగొస్తీనో, ఆన్హెల్ వర్గాస్ జంట 1940 నుంచి 1946 దాకా కలిసి పనిచేసింది, 1941లో చేసిన త్రెస్ ఎస్కీనాస్ వింటే పక్కన కూర్చుని చెవిలో కథ చెబుతున్నట్టుంటుంది. మిగేల్ కలో, రౌల్ బెరోన్ జంట 1942లో అల్ కొంపాస్ దెల్ కొరసోన్‌తో మొదలైంది. కనారో దగ్గర రొబెర్తో మైదా పాడిన పొయేమా 1935ది, ఇది పెడితే ఎక్కడైనా ఫ్లోర్ నిండుతుంది. 1930ల ఒస్వాల్దో ఫ్రెసేదో, రొబెర్తో రాయ్ జంట కూడా మరిచిపోవద్దు, హార్ప్, వైబ్రాఫోన్ వినిపిస్తాయి అందులో, పట్టులా ఉంటుంది.

ఇప్పటి ఆర్కెస్ట్రాల గురించి ఎవరూ చెప్పలేదు. సెక్స్‌తెతో మిలోంగెరో, రొమాంతికా మిలోంగెరా లాంటివి డ్యాన్సర్ల కోసమే వాయిస్తాయి, ధ్వని శుభ్రంగా ఉంటుంది. వారానికి ఒక తాండా ఇవి పెడితే తప్పేం లేదు. కానీ మొదటి రెండొందల పాటల్లో పదికి మించి వద్దు, పాతవి చెవికెక్కాకే ఇప్పటివాళ్లు ఏం తీసుకున్నారో తెలుస్తుంది.

---

సూదిమొన:

ఎవరూ ఫైళ్ల గురించి మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను, ఇక్కడే అందరూ ఏళ్ల తరబడి చిక్కుకుంటారు.

ఈ రికార్డింగుల్లో చాలావాటికి ఇప్పుడు మిగిలిన ఆధారం పాత షెల్లాక్ (లక్క) డిస్కులే. డిస్కు ఎంత అరిగిపోయింది, దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించినవాళ్లు ఎంత జాగ్రత్త పడ్డారు, గరగరలు తీసేయబోయి వయొలిన్ల మెరుపు కూడా తీసేశారా, వీటిని బట్టి ఒకే రికార్డింగు ఒకచోట జీవంతో ఉంటుంది, ఇంకోచోట దుప్పటి కప్పినట్టుంటుంది. కొన్ని పాత విడుదలల్లో లేని ప్రతిధ్వని కలిపారు, పెద్ద గదిలో పెడితే తాళం అలుక్కుపోతుంది. కొన్నిటిలో వేగం కూడా తప్పు, శ్రుతి పెరిగిపోయి గాయకుడి గొంతు సన్నబడుతుంది. ఉచితంగా దొరికిన సంకలనాల్లో ఇలాంటివే ఎక్కువ, పైగా పేర్లు, సంవత్సరాలు తప్పులు. కొంచెం గరగర ఉన్నా ఫర్వాలేదు, వాద్యాలు విడివిడిగా వినిపించేదే తీసుకోండి. టాంగోట్యూన్స్ వాళ్లు షెల్లాక్ డిస్కుల నుంచి నేరుగా ఎక్కించి అమ్ముతారు, నాకు నచ్చిన వాటిలో అదొకటి. పాటల వివరాలు సరిచూసుకోవడానికి తోదోతాంగో సైటు వాడండి.

ప్రతి ఫైలుకి ఆర్కెస్ట్రా, గాయకుడు, రికార్డు చేసిన సంవత్సరం, టాంగోనా వాల్సా మిలోంగానా అన్నది మొదటి రోజు నుంచే రాసుకోండి. సీడీ విడుదలైన సంవత్సరం కాదు, రికార్డు చేసిన సంవత్సరం. రెండొందల పాటలున్నప్పుడు ఇది ఒక ఆదివారం పని, రెండు వేలయ్యాక ఒక ఏడాది పని. పాటకి పాటకి శబ్దం హెచ్చుతగ్గులు కూడా చూసుకోండి, 1936 రికార్డింగు పక్కన 1956ది పెడితే వినేవాళ్లు ఉలిక్కిపడతారు. ఇంట్లో హెడ్‌ఫోన్లలో కాకుండా ఒక్కసారైనా స్పీకర్లో పెట్టి గదిలో నడుస్తూ వినండి.

---

కొత్తఅడుగు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ పేరులేని పాటేదో దొరికింది! ఎల్ ఫ్లెతె వినగానే గుర్తుపట్టాను, ఆ పియానో మెరుపు దగ్గరే.

ఈ పది రోజులూ దారియెన్సో, డి సార్లి మాత్రమే వింటున్నాను, వంటింట్లో కూడా నడుస్తూనే ఉన్నాను. కోర్తీనాకి ఒక చిన్న పియానో ముక్క ఎంచుకున్నాను. నా మొదటి డి సార్లి తాండా ఇలా కట్టాను, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. మొదటిది కొరసోన్, 1939, రుఫీనో పాడింది. రెండోది కూడా రుఫీనోదే, 1941 నాటిది. మూడోది, నాలుగోది 1950ల వాద్య పాటలు, చివరిది బాహియా బ్లాంకా. విడివిడిగా అన్నీ నాకు చాలా నచ్చాయి, వరుసగా వింటే మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది.

---

పాతరికార్డు:

మీ చెవి కరెక్టే, దాన్ని నమ్మండి. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య పదేళ్లకి పైగా ఉంది. మొదటి రెండింటికి చురుగ్గా, చిన్న అడుగులు వేస్తూ అలవాటు పడ్డ జంట మూడోది రాగానే అడుగు సాగదీయాలి, ఇంకో మనిషితో ఆడుతున్నట్టవుతుంది. రెండు తాండాలు చేయండి. రుఫీనోవి 1939 నుంచి 1943 లోపు నాలుగు, అవి సాయంత్రం మొదట్లో. 1950ల వాద్యాలు నాలుగు, అవి జనం బాగా కుదురుకున్నాక. బాహియా బ్లాంకా చివర్లోనే ఉండనివ్వండి, అది సరైన చోటే పెట్టారు.

రెండోబాందొనియోన్ గారూ, మీరన్న రెకుఎర్దో ఈ వారం మా ప్రాక్టీస్‌లో చివరి గంటలో పెట్టాను. కొత్త జంటలు ఆగారు, ఆగి మళ్లీ కదిలారు. ఆరు నెలల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

వాల్స్‌పిచ్చి:

ఒకటి మర్చిపోయాం అందరం. చివరి పాట లా కుంపార్సీతా. ఉరుగ్వేకి చెందిన హెరార్దో మాతోస్ రొద్రీగెస్ విద్యార్థిగా ఉన్నప్పుడు మోంతెవిదేయోలో కట్టిన వరస. అది వినిపించిందంటే సాయంత్రం అయిపోయిందని అందరికీ తెలుస్తుంది, ఎవరితో ఆడాలని ఉందో వాళ్ల దగ్గరికి అప్పుడే వెళ్తారు. దాదాపు ప్రతి ఆర్కెస్ట్రా రికార్డు చేసింది కాబట్టి మూడు నాలుగు రకాలు ఉంచుకోండి. ఆ రోజు ఫ్లోర్ ఇంకా హుషారుగా ఉంటే దారియెన్సోది, మెత్తబడి ఉంటే డి సార్లిది.

---

కొత్తఅడుగు:

రెండు తాండాలుగా విడగొట్టాను, ఇప్పుడు తేడా కొట్టడం లేదు. లా కుంపార్సీతా రెండు రకాలు తీసుకున్నాను. గురువారం ప్రాక్టీస్ ఉంది, ఏది పెట్టాలో ఆ రోజు ఫ్లోర్ చూసి తేల్చుకుంటాను.